కళాపూర్ణోదయాన్ని ఫాంటసీ నవలగా చదవవచ్చునా?

ప్రశ్న:
పింగళి సూరన కళాపూర్ణోదయం ఎనిమిది ఆశ్వాసాలనూ టీకా పక్కన పెట్టుకొని ఈ మధ్యనే పూర్తి చేశాను. పదహారవ శతాబ్దపు ప్రబంధమే అయినా కథ కవి సొంత కల్పన కావడం వల్ల దీనిని పద్యనవల అని చాలామంది అంటారు. నారదుడు, శ్రీకృష్ణుడు, రంభ, నలకూబరుడు మనకు పురాణాల ద్వారా తెలిసినవారే. కోరిన రూపం ధరించే వరం, సింహం మీద ఆకాశమార్గాన వచ్చే సిద్ధుడు, పూర్వజన్మను గుర్తుచేసే మణి మాత్రం అచ్చంగా మాయకథల సామగ్రి. ఈ రెండూ నిజంగా కలిసిపోయాయా, లేక మాయకథకు పురాణపు పేర్లు అరువు తెచ్చుకున్నారా? నడుమ ఆశ్వాసాలలో అసలు ఎవరో, మాయారూపం ఎవరిదో తేలక రెండుసార్లు వెనక్కి వెళ్లి చదవవలసి వచ్చింది.

మొదటి సమాధానం:
కలిసిపోయాయనే నా అభిప్రాయం. ద్వారకలో కలభాషిణి అనే వేశ్యాకన్య చెలులతో ఉయ్యాల ఊగుతూ ఉంటుంది. పైన విమానంలో రంభ, నలకూబరుడు వెళుతూ ఉంటారు. రంభ తన అందాన్ని గురించి గర్వంగా పలికిన మాటను నారదుడు పట్టుకుంటాడు. నారదుడి నోట మాట వస్తే తగవు తప్పదన్నది మనకు పురాణాలు నేర్పిన సంగతే కాబట్టి, తరువాత వచ్చే మాయ ఎక్కడి నుంచో ఊడిపడినట్లు అనిపించదు. నలకూబరుణ్ణి కోరుకున్న కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అటు నారదుడి శిష్యుడైన మణికంధరుడు నలకూబరుడి రూపం ధరిస్తాడు. ఇద్దరూ వేషాలలోనే ఉండి, ఎదుటివారు అసలు మనిషే అని నమ్ముతారు. మోసం చేయబోయినవారే మోసపోయే ఈ ఘట్టంలో మాయ అలంకారం కాదు, కథకు ఇరుసు. రాఘవపాండవీయంలో ఒకే పద్యంతో రామాయణ, భారత కథలు రెండూ చెప్పిన కవికి అసలు రంభ, మాయారంభ అని ఇద్దరు రంభలను ఎదురెదురుగా నిలబెట్టడం ఒక లెక్కా!

రెండవ సమాధానం:
పై అభిప్రాయంతో నేను సగమే ఏకీభవిస్తాను. మాయ ఎక్కువైన చోట పాత్రలు పలచబడ్డాయి. శాపమో వరమో అడ్డుపడి, ఆ మనిషి తానుగా ఏం చేసి ఉండేదో చూడనివ్వదు. నాకు అన్నిటికంటె నచ్చినది సుగాత్రీ శాలీనుల కథ. నగలతో, సింగారంతో దగ్గరకు వచ్చిన భార్యను తలెత్తి చూడని శాలీనుడు, ఆమె నగలు తీసివేసి తోటపనిలో తనతో పాటు శ్రమిస్తుంటే చూసి చలిస్తాడు. ఆ మార్పుకు ఏ మంత్రమూ అక్కర లేకపోయింది. సూరనకు మనసు తెలుసు అనడానికి ఈ ఒక్క ఘట్టం చాలును. బలి ఇవ్వడానికి సిద్ధుడు సింహం మీద ఎత్తుకుపోయిన కలభాషిణి భయాన్ని కూడా ఇంత దగ్గరగా చూపించి ఉంటే బాగుండేదని నా ఫిర్యాదు.

మూడవ సమాధానం:
ప్రశ్న అడిగినవారి తికమక కవి కావాలని పెట్టినదే. ముందు జరిగినది వెనుక, వెనుక జరిగినది ముందు చెప్పడం ఆయన పద్ధతి. కలభాషిణే మరుజన్మలో మధురలాలసగా పుడుతుంది; పసిబిడ్డగా ఉన్న ఆమె మెడలో కథానాయకుడైన రాజు కళాపూర్ణుడి మణి పడగానే, ఇంకా మాటలు రావలసిన వయసు కూడా కాని ఆ బిడ్డ తన పూర్వజన్మ వృత్తాంతమంతా చెప్పడం మొదలుపెడుతుంది. అప్పటిదాకా విడివిడిగా ఉన్న ముక్కలు అక్కడ అతుక్కుంటాయి. వీటన్నిటికీ వెనుక బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ ఉంది. బ్రహ్మ నోట వెలువడినది గనుక అది లోకంలో జరిగి తీరుతుంది. కథ చెప్పడమే సృష్టి అన్న ఈ ఊహలో పురాణాన్నీ మాయనూ విడదీయడం నాకు సాధ్యం కాలేదు. విమర్శకుడు కట్టమంచి రామలింగారెడ్డి తన కవిత్వతత్త్వ విచారం అనే పుస్తకంలో ఈ కావ్యాన్ని వివరంగా చర్చించారు. అయితే ముందు కావ్యం, తరువాతనే విమర్శ చదవండి. రెండవసారి చదివేటప్పుడు ఒక కాగితం మీద ఎవరు ఎవరి రూపంలో ఉన్నారో, మరుజన్మలో ఎవరయ్యారో రాసుకుంటూ వెళ్లండి. నేను అలాగే చేశాను. నాకు రెండు పేజీలు పట్టింది.