హెచ్‌ఎంటీ జనతా రోజుకి 25 సెకన్లు ఫాస్ట్, రిపేరుకి ఇవ్వాలా?

బ్రాడీపేట కుర్రాడు: నాన్నగారి పాత కీ వాచీ అండీ, పొద్దున్నే ఫోన్‌తో కలిపి పెట్టుకుంటే మర్నాటికి 25 సెకన్లు ముందుంటోంది, ఇక్కడ గుంటూరులో చూపిస్తే మొత్తం విప్పి ఆయిలింగ్ చెయ్యాలన్నాడు, నిజంగా అవసరమా?

బెజవాడ వాచీ: ఆ వయసు వాచీకి 25 అంటే పండగ చేస్కోండి. సీకో ఎన్‌హెచ్35 అనే వాచీ మెషీన్ కొత్తదానికే రోజుకి -20 నుంచి +40 సెకన్ల దాకా ఓకే అని కంపెనీయే చెప్తది. టైము కచ్చితంగా చూపిస్తదని ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కైతే సగటున -4 నుంచి +6 లోపుండాలి, అదీ ల్యాబ్‌లో, చెమట చేతి మీద కాదు. కరెక్ట్ టైమే కావాలంటే బీసెంట్ రోడ్డుకెళ్లి క్వార్ట్జ్ (బ్యాటరీ) వాచీ కొనుక్కోండి 😀

టిక్‌టిక్: రాత్రి ఎలా పెడుతున్నావ్ బ్రో? డయల్ పైకుంటే ఒకలా, కీ కిందకి నిలబెడితే ఇంకోలా నడుస్తది, మార్చి చూడు. కీ కూడా రోజూ ఒకే టైముకి ఇవ్వు, స్ప్రింగ్ వదులైతే నడక మారిపోద్ది. ఉన్నట్టుండి నిమిషాల లెక్కన ఫాస్ట్ అయితే మాత్రం స్పీకర్ పక్కన పెట్టుంటావ్, హెయిర్‌స్ప్రింగ్‌కి, అంటే లోపలుండే సన్నటి చుట్ల స్ప్రింగ్‌కి, అయస్కాంతం పట్టి చుట్లు అతుక్కుంటాయి, డీమాగ్నెటైజ్ చేయిస్తే క్షణాల్లో పని.

బెజవాడ వాచీ: ఆయిలింగ్ ఎప్పుడయిందో గుర్తులేకపోతే చేయించడమే మంచిది, ఆయిల్ ఎండిపోతే పివట్లు (చక్రాల ఇరుసు కొనలు) అరుగుతాయి. టైమ్‌గ్రాఫర్ (వాచీ నడక కొలిచే మెషీన్) ఉన్న షాపుకే ఇవ్వండి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లకి వద్దు.