పదో తరగతి తర్వాత మన గిరిజన పిల్లల్ని సైన్స్ వైపు పంపాలా?

మెళియాపుట్టి మాస్టారు:
మాది శ్రీకాకుళం జిల్లాలో కొండల అంచున ఉన్న హైస్కూలు. ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఈ ఏడాది పదిలో సవర, జాతాపు పిల్లలు ఇరవై ముగ్గురు. ఇంటర్‌లో ఏ గ్రూపు అని మొన్న అడిగితే ఎంపీసీ, బైపీసీ అన్నవాళ్లు ఇద్దరే. మిగతావాళ్లంతా హెచ్‌ఈసీ, సీఈసీ, ఐటీఐ. స్టాఫ్ రూమ్‌లో దీనిమీద పెద్ద వాదనే జరిగింది. "వాళ్లకి సైన్స్ ఆశలు పెట్టకండి, ఇంటర్ తప్పితే చెన్నై బండెక్కుతారు" అన్నారు ఒక సీనియర్. ఆశ పెట్టాల్సిందే అని నేనంటాను. మీరేమంటారు?

కురుపాం అన్న:
మాస్టారూ, మీ సీనియర్ అన్నదాంట్లో నిజం ఉంది. నేను జాతాపువాణ్ణే. పదిలో మంచి మార్కులు వచ్చాయని మా తమ్ముణ్ణి అందరూ కలిసి ఎంపీసీలో చేర్పించారు. ఆ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి దసరా దాటాక గాని రాలేదు. వాడు లెక్కలూ ఫిజిక్సూ రెండూ తప్పాడు. సప్లిమెంటరీలోనూ తప్పాడు. ఇంటికొచ్చి నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, అన్నం కూడా అమ్మ బతిమాలితేనే. ఇప్పుడు తాపీ పనికి వెళ్తున్నాడు. వాడితో చదివి హెచ్‌ఈసీ తీసుకున్న కుర్రాడు కానిస్టేబుల్ అయ్యాడు.

ఇంకో మాట. 2000లో వచ్చిన జీవో 3 వల్ల ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఉండేవి. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చదివితే మన కొండ మీదే టీచర్ అవుతాం అన్న ధైర్యం కూడా పోయింది. ఇలాంటప్పుడు డిగ్రీ, పీజీ, పీహెచ్‌డీ అని పదేళ్ల దారి చూపిస్తే అన్నాళ్లు ఇల్లెవరు నడుపుతారు?

ఏఎన్‌ఎం, సీతంపేట:
గ్రూపుల సంగతి నాకు తెలీదు గాని నేను చూసింది చెబుతాను. సికిల్‌సెల్ అంటే తల్లిదండ్రుల నుంచి బిడ్డకి వచ్చే రక్తపు జబ్బు. 2023 జులైలో కేంద్రం దాని నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది, 2047 గడువు. మేం ఊరూరా రక్త పరీక్షలు చేసి కార్డులిస్తాం. చేయడం తేలికే, చెప్పడమే కష్టం. ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరికీ సికిల్ లక్షణం ఉంది, అంటే జబ్బు జన్యువు ఒక్కొక్కరిలో ఒక్కటే ఉంది, ఇద్దరూ ఆరోగ్యంగానే ఉన్నారు. మరి బిడ్డకి జబ్బెందుకు వస్తుందని ఆ తల్లి అడిగింది. నాకు సవర అంతంతమాత్రం. చెప్పలేకపోయాను.

పక్కింటి అమ్మాయి, తొమ్మిది చదువుతోంది, ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు రెండు తెచ్చింది. ఆటలో వేసుకునేవే, ఒక వైపు నలుపు, ఒక వైపు తెలుపు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది, తెలుపు పడితే బిడ్డకి సికిల్ ఇచ్చినట్టు, నలుపు పడితే ఇవ్వనట్టు అంది. రెండూ కలిపి నేల మీద వేసింది. ఒకటి తెలుపు, ఒకటి నలుపు పడ్డాయి: బిడ్డ మీలాగే ఉంటుంది. మళ్లీ వేసింది. రెండూ నల్లగా పడ్డాయి: ఏమీ లేదు. మళ్లీ మళ్లీ వేస్తే ఒకసారి రెండూ తెల్లగా పడ్డాయి. జబ్బంటే ఇది, ప్రతి కాన్పుకీ పిక్కలు కొత్తగా వేసినట్టే అని సవరలో చెప్పింది. ఆ తల్లి తనూ రెండుసార్లు వేసి చూసుకుంది. నాలుగో వంతు అవకాశం అని మాకు ట్రైనింగ్‌లో చెప్పింది ఇదే. ఆ పిల్లని సైన్స్ వద్దనడానికి మనమెవరం?

సవర అమ్మాయి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ:
కురుపాం అన్నా, మీ తమ్ముడి గురించి చదివి చాలా బాధేసింది. ఇంటర్ మొదటి ఏడాది నేనూ అలాగే తప్పబోయాను. నాకు తెలివి లేక కాదు. ఇంట్లో సవర, బడిలో తెలుగు, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషు. సవర తెలుగుకి చుట్టం కూడా కాదు, ముండా అనే వేరే కుటుంబానికి చెందిన భాష. అంటే ఫిజిక్స్ నా మూడో భాషలో మొదలైంది. "వెలాసిటీ" అంటే ఏంటో తెలుసు, ఆ మాట తెలీదు. హాస్టల్లో ఒక అక్క రోజూ రాత్రి పది మాటలు రాసి అర్థం చెప్పేది. సంక్రాంతికల్లా తేరుకున్నాను.

కాబట్టి వాదన సైన్స్ కావాలా వద్దా అని కాదు, ఆ మొదటి ఆర్నెల్లు పిల్ల పక్కన ఎవరుంటారని. తర్వాత దారులున్నాయి, మనకి చెప్పేవాళ్లే తక్కువ. విజయనగరం దగ్గర కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2019లోనే మొదలైంది. ఐఐటీల్లో కటాఫ్ కాస్త తగ్గిన ఎస్టీ పిల్లలకి ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంటుంది, అది పాసైతే బీటెక్‌లో చేరొచ్చు. ఇది నాకు డిగ్రీలో తెలిసింది, అప్పటికి ఏం లాభం? ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర స్కాలర్‌షిప్ పరీక్ష రాసి సెలెక్టయితే ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. మా క్లాసులో ఒక్కరం కూడా రాయలేదు.

రిటైర్డ్ హెచ్చెమ్, పాలకొండ:
అమ్మాయి భాష గురించి సరిగ్గా చెప్పింది. గిడుగు రామమూర్తి పంతులుగారు శ్రీకాకుళం జిల్లావారే. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, ఆ భాషకి నిఘంటువు తయారు చేశారు. మాస్టారూ, మీ పాఠంలో ముఖ్యమైన మాటలు ఓ వంద తీసుకుని పిల్లల చేతే సవరలో చెప్పించి గోడకి రాయించండి. గ్రూపు గురించి తర్వాత అడగొచ్చు.

కురుపాం అన్న:
చెల్లీ, నీ పక్కన ఆ అక్క ఉంది. మా వాడి పక్కన ఎవరూ లేరు. నా కోపం సైన్స్ మీద కాదు, చేర్పించేసి చేతులు దులుపుకున్నవాళ్ల మీద. లెక్చరర్ లేని కాలేజీకి పంపే పనైతే ఇప్పటికీ వద్దనే అంటాను. చేర్చే ముందు మాస్టారే వెళ్లి, ఫిజిక్స్, లెక్కలు చెప్పేవాళ్లు ఉన్నారో లేదో చూసి రావాలి. అప్పుడు నా కూతురి విషయంలోనైనా ఆలోచిస్తాను. ఎనిమిది చదువుతోంది. ఆ ఎన్‌ఎంఎంఎస్‌కి ఎప్పుడు కట్టాలి?

మెళియాపుట్టి మాస్టారు:
నోటిఫికేషన్ రాగానే ఇక్కడ పెడతాను అన్నా. పాప ఆధార్, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీయించి ఉంచు, చాలామంది అక్కడే ఆగిపోతున్నారు. కాలేజీలు చూసి రావాలన్నావు, ఒప్పుకుంటున్నాను. ఈ ఆదివారం నాకు సెలవే గాని కాలేజీలూ మూసే ఉంటాయి, సోమవారం పర్మిషన్ పెట్టి రెండు కాలేజీలకి వెళ్తాను. అమ్మా ఎమ్మెస్సీ, సెలవులకి ఊరొస్తే ఒక పూట మా బడికి వస్తావా?

సవర అమ్మాయి, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ:
ఒక శనివారం వస్తాను సార్. పసుపు, సున్నం, నిమ్మకాయలు పిల్లల్నే ఇంటి నుంచి తెమ్మనండి. మిగతావి నేను తెస్తాను. పాఠం సవరలోనే చెబుతాను, మీరు కూడా బెంచీ మీద కూర్చోవాలి.