ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకి కవిత్వం నేర్పాలి, ఎలా మొదలుపెట్టను?

ప్రశ్న (తెలుగు టీచర్)
నమస్కారం. ఇంట్లోవాళ్లని పోగొట్టుకున్నవాళ్లు వారానికోసారి కలుసుకునే ఒక గ్రూపుకి కవిత్వం రాయడం నేర్పమని అడిగారు. సరేనన్నాను గానీ, టెన్షన్‌గా ఉంది. 'మీ బాధని రాయండి' అంటే కన్నీటి సంద్రాలు, మోడువారిన బతుకులే వస్తాయని స్కూలు అనుభవం చెప్తోంది. దిద్దుదామంటే, కొడుకు పోయిన తల్లి రాసిన లైను కింద ఎర్ర పెన్ను ఎలా పెడతాం? దిద్దకపోతే అది క్లాసెలా అవుతుంది?

జవాబు (పాతకాగితం)
ఇలాంటి క్లాసులు చాలాకాలంగా నడుపుతున్నాను. అసలు 'బాధ' అనే మాటే ఎత్తకండి, వస్తువు అడగండి. పోయిన మనిషి రోజూ వాడిన వస్తువు ఏది, ఇప్పుడెక్కడుంది, దాన్ని ఎవరు ముట్టుకుంటున్నారు? మా గ్రూపులో అస్సలు నోరు విప్పని ఒక పెద్దాయన ఇలా రాశాడు:

కళ్లజోడు డబ్బా అల్మారాలోనే ఉంది
దుమ్ము తుడిచి మళ్లీ అక్కడే పెడుతున్నాను

నేను పక్కన కూర్చుని, 'డబ్బాలో కళ్లజోడు ఉందా?' అన్నాను. కాసేపాగి 'తెరిచి చూడలేదమ్మా' అన్నాడు. 'అది కూడా రాయండి' అన్నాను. మూడో లైను అలా వచ్చింది. నా మాట అందులో ఒక్కటీ లేదు. నా దృష్టిలో దిద్దడమంటే ఇదే. ఎర్ర పెన్ను ఇంట్లో పెట్టి రండి.

ఇంకోటి. కవిత గురించి మాట్లాడేటప్పుడు 'మీరు డబ్బా ఎందుకు తెరవలేదు' అనకండి. 'ఈ కవితలో మనిషి ఎందుకు తెరవలేదు' అనండి. అప్పుడు రాసినవాళ్లు కూడా ఆ మనిషిని కాస్త దూరం నుంచి చూడగలుగుతారు. చదివి వినిపించడం ఇష్టమున్నవాళ్ల వంతే. 'అబ్బ, ఎంత బాగా రాశారండీ' అని చప్పట్లు కొట్టించకండి, పక్కవాళ్లు కూడా చప్పట్ల కోసం రాయడం మొదలుపెడతారు. ఎవరైనా ఏడిస్తే ఏడవనివ్వండి. లేచి బయటికెళ్తే తోడుగా ఒకరు వెళ్తే చాలు.

జవాబు (సైకాలజిస్టుని)
పై మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం కాలేజీ విద్యార్థుల చేత వరసగా 4 రోజులు, రోజుకి 15 నిమిషాలు, మనసుని కలచివేసిన సంఘటనల గురించి రాయించింది. జరిగిందీ, తమకి అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ డాక్టరు దగ్గరికి తక్కువగా వెళ్లారు. కానీ రాసిన వెంటనే మాత్రం వాళ్ల మనసు ఇంకా కుంగింది. అది వచనం, కవిత్వం కాదు. తర్వాతి పరిశోధనల్లో సగటున కనిపించిన మేలు కూడా చిన్నదే. కాబట్టి దీన్ని వైద్యమని చెప్పకండి. బరువైన అభ్యాసం క్లాసు మొదటి సగంలోనే పెట్టి, చివర్లో తేలికైనది ఏదైనా చేయించండి.

చచ్చిపోవాలని ఉందన్నట్టు ఎవరైనా రాస్తే 'కవితే కదా' అని వదిలేయొద్దు. అదే రోజు పక్కకి పిలిచి సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన రాదు. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో నిర్వాహకుల దగ్గర ముందే తెలుసుకోండి. ఇక్కడ రాసింది గడప దాటదు గానీ ప్రాణం మీదికొస్తే మాత్రం చెప్పాల్సి వస్తుందని మొదటి క్లాసులోనే అందరికీ చెప్పేయండి.

జవాబు (ఆటవెలది)
అందరూ వచన కవితే అనుకుంటున్నట్టున్నారు! మా అమ్మ పోయాక నాకు పద్యమే ఆసరా అయింది. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. మిగతా రెండు పాదాలకీ ఐదేసి సూర్యగణాలు. గణాలు లెక్కపెడుతున్నంతసేపూ ఏడుపు రాదు, మనసుకి వేరే పని ఉంటుంది. 'ఆసుపత్రి' అని పాదం ఎత్తుకున్నాను. నాలుగో గణం మొదట్లో యతి కుదరాలి, అంటే అక్కడి అక్షరం పాదం మొదటి అక్షరంతో జత కలవాలి. ఆ-కి అ కుదురుతుంది. అంతవరకూ కాగితం మీద పెట్టలేకపోయిన 'అమ్మ' అక్కడికొచ్చి కూర్చుంది. ఛందస్సు వచ్చినవాళ్లు ఒకరిద్దరుంటే వాళ్లని వచన కవితలోకి లాగకండి.

ప్రశ్న వేసినవారు
అందరికీ థాంక్సండి. వస్తువుతోనే మొదలుపెడతాను. ఒక్క సందేహం, వాళ్లలో ఒకావిడకి చదవడం, రాయడం రాదట. ఆవిడ సంగతి?

జవాబు (పాతకాగితం)
ఆవిడ చెప్తుంటే మీరు రాయండి. 1970ల్లో కెన్నెత్ కోక్ అనే అమెరికన్ కవి న్యూయార్క్‌లోని ఒక వృద్ధుల ఆశ్రమంలో కవిత్వం నేర్పినప్పుడు చాలామంది పెన్ను పట్టుకునే స్థితిలో లేరు. వాళ్లు చెప్తుంటే సాయంగా వచ్చినవాళ్లు రాసుకున్నారు. ఒకటే జాగ్రత్త: ఆవిడ 'మా ఇంటాయన' అంటే మీరు 'నా భర్త' అని రాయకండి, టీచర్లకి ఆ చెయ్యి ఊరుకోదు. రాసింది మెల్లగా చదివి వినిపించి, లైను ఎక్కడ ఆపాలో ఆవిణ్నే అడగండి.