డ్రైవాల్ (జిప్సం బోర్డుల గోడ) జాయింట్‌లో, అంటే రెండు బోర్డులు కలిసే చోట, పగులు పూడ్చినా మళ్లీ వస్తోంది, ఏం చేయాలి?

డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటున్నాం. మేడ మీద బెడ్‌రూమ్ తలుపు పైమూల నుంచి సీలింగ్ దాకా జాయింట్ వెంబడే పగులు, ఎండాకాలం వస్తే గోరు దూరేంత తెరుచుకుంటుంది, వానలు పడ్డాక మళ్లీ దగ్గరకొస్తుంది. ఇక్కడి బంకమట్టి ఎండితే కుంచించుకుపోతుంది, తడిస్తే ఉబ్బుతుంది, అందుకే పునాది కదులుతోందేమోనని టెన్షన్‌గా ఉంది. తలుపు మాత్రం బాగానే పడుతోంది.

పనివాళ్లు మెష్ టేప్ (జాలీలాంటి టేప్) మీద బకెట్‌లో వచ్చే రెడీమేడ్ కాంపౌండ్ (జాయింట్ పూడ్చే ముద్ద) పూసి రంగేసి వెళ్తారు, ఏడాది తిరక్కుండానే టేప్ అంచు పైకి లేస్తుంది. ఈసారి అదంతా పీకేసి పేపర్ టేప్‌తో నేనే చేద్దామనుకుంటున్నా. జాయింట్‌కి రెండు పక్కలా స్క్రూలు కూడా బిగించాలా, లేక ముందు పునాది చూపించాలా? పగులు తెరుచుకున్నప్పుడు పూడ్చాలా, మూసుకున్నప్పుడా? ఇలాంటి నేల మీద ఇల్లున్నవాళ్లు, చేసి చూసినవాళ్లు చెప్పండి ప్లీజ్.