సింగపూర్ చాంగిలో 14 గంటల లేఓవర్: నాలుగేళ్ల పాప, 14 నెలల బాబు. లోపలే ఉండాలా, బయటికి వెళ్లాలా?

పాలసీసా_పయనం:

హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా మెల్‌బోర్న్. రాత్రి 11కి శంషాబాద్‌లో ఎక్కితే పొద్దున 6కి చాంగిలో దిగుతాం. మెల్‌బోర్న్ ఫ్లైట్ అదే రోజు రాత్రి 8కి. ఒకే టికెట్, ఒకే పీఎన్నార్. నేను, మా అత్తయ్య, ఇద్దరు పిల్లలు. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ దూరం నడవలేరు. అందరివీ ఇండియన్ పాస్‌పోర్టులే. నాకూ పిల్లలకీ ఆస్ట్రేలియా పీఆర్ (శాశ్వత నివాస వీసా) ఉంది, అత్తయ్యది విజిటర్ వీసా.

నా సందేహాలు: ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకుని జలపాతం ఉన్న మాల్, జ్యువెల్ చూడాలంటే సింగపూర్ వీసా కావాలా? పిల్లల్ని ఎప్పుడు పడుకోబెట్టాలి? తిండి ఏం పట్టుకెళ్లాలి? పెరుగన్నం కలిపి తీసుకెళ్దామని అత్తయ్య అంటున్నారు. ఊళ్లోకి కూడా వెళ్లి రావచ్చని ఒకరు చెప్పారు, నిజంగా కుదిరే పనేనా?

చాంగి_చుట్టం:

ముందు వీసా సంగతి తేల్చుకోండి, మిగతావన్నీ దాన్ని బట్టే. జ్యువెల్ ఇమిగ్రేషన్ దాటాక బయట ఉంటుంది. అందులో అడుగుపెట్టడమంటే సింగపూర్ దేశంలోకి వెళ్లడమే. ఇండియన్ పాస్‌పోర్టుకి మామూలుగా వీసా కావాలి. కానీ ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటన్, కెనడా, జపాన్, న్యూజిలాండ్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఏదో ఒక దేశం వీసాగానీ దీర్ఘకాల పర్మిట్‌గానీ ఉండి, మూడో దేశానికి వెళ్తూ లేదా అక్కడి నుంచి వస్తూ ఆగితే, 96 గంటల వరకు వీసా లేకుండా లోపలికి రానిస్తారు. దీన్ని వీసా ఫ్రీ ట్రాన్సిట్ ఫెసిలిటీ అంటారు. ఆ వీసాకి కనీసం నెల గడువు మిగిలి ఉండాలి. మీ నలుగురికీ ఇది వర్తిస్తుంది. అయినా చివరి మాట కౌంటర్‌లోని ఆఫీసర్‌దే. బయల్దేరే వారం ముందు సింగపూర్ ఇమిగ్రేషన్ శాఖ ఐసీఏ వెబ్‌సైట్‌లో నిబంధన మారిందేమో ఒకసారి చూసుకోండి.

ఆస్ట్రేలియా వీసా పాస్‌పోర్టులో స్టిక్కర్‌గా ఉండదు కాబట్టి ప్రతి ఒక్కరి గ్రాంట్ లెటర్ (వీసా ఇచ్చినట్టు తెలిపే ఉత్తరం) ప్రింట్ తీసి పెట్టుకోండి. 14 నెలల బాబుది కూడా. తల్లి పేరు మీదున్న కాగితం పిల్లాడికి పనికిరాదు.

రెండోది ఎస్‌జీ అరైవల్ కార్డ్, అంటే సింగపూర్‌లోకి వెళ్లేవాళ్లు నింపే ఫారం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల ఆన్‌లైన్‌లో నింపాలి. పసిపిల్లలకీ విడిగా ఉండాలి. ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే ముందు డబ్బులడిగే సైట్లు తగులుతాయి, వాటి జోలికి పోకండి. ఇమిగ్రేషన్ దాటకుండా లోపల ట్రాన్సిట్‌లోనే ఉండిపోతే ఈ కార్డు అక్కర్లేదు.

శంషాబాద్ కౌంటర్ దగ్గర మూడు విషయాలు చూడండి. బ్యాగ్ ట్యాగ్ మీద చివరి ఊరు మెల్‌బోర్న్ అని ఉందా? రెండు ఫ్లైట్ల బోర్డింగ్ పాస్‌లూ చేతికొచ్చాయా? స్ట్రోలర్ సింగపూర్‌లో విమానం తలుపు దగ్గరే ఇస్తారా, లేక నేరుగా మెల్‌బోర్న్ పోతుందా? ఈ మూడోది చాలామంది అడగరు. దిగాక బాబుని చంకనేసుకుని స్ట్రోలర్ కోసం ఎదురుచూస్తూ నిలబడతారు. మెల్‌బోర్న్ పోయేలా ట్యాగ్ చేసేస్తే కంగారు పడకండి, చాంగి ట్రాన్సిట్‌లో ఉచితంగా స్ట్రోలర్లు ఇస్తారు, ఇన్ఫర్మేషన్ కౌంటర్‌లో అడగండి.

అత్తయ్యగారికి వీల్‌చెయిర్ బుకింగ్‌లోనే పెట్టించండి. అయితే ఆ సిబ్బంది గేటు నుంచి గేటుకి చేరుస్తారు గానీ జ్యువెల్ అంతా తిప్పరు. ఆవిడని బట్టి కూడా ప్లాన్ తగ్గించుకోవాల్సిందే.

మూడోసీటు:

నిద్ర గురించి నేను రాస్తాను, ఎందుకంటే 14 గంటలు బాగా గడవడం, గడవకపోవడం దాని మీదే ఉంటుంది.

సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందు. మీరు దిగే పొద్దున 6 అంటే పిల్లల ఒంటికి తెల్లవారుజాము మూడున్నర. ఫ్లైట్ నాలుగున్నర గంటలే. భోజనాలు, లైట్లు, అనౌన్స్‌మెంట్లు పోగా వాళ్లకి దక్కేది మూడు గంటల నిద్ర. ఇది తెలియక దిగీ దిగగానే జలపాతం చూపిస్తామని లాక్కెళ్తారు. తొమ్మిదింటికల్లా ఇద్దరూ ఏడుపు. పైగా ఆ వేళకి జ్యువెల్‌లో సగం షాపులు తెరవరు, జలపాతం కూడా మొదలుకాదు.

కాబట్టి ముందు నిద్ర. ఇమిగ్రేషన్ దాటకుండా లోపలే ట్రాన్సిట్ హోటళ్లున్నాయి, గంటల బ్లాకుల లెక్కన గది ఇస్తారు. ముందే బుక్ చేయండి, ఉదయం పూట త్వరగా నిండిపోతాయి. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంటుంది: మీరు హైదరాబాద్‌లో 11వ తేదీ రాత్రి ఎక్కితే సింగపూర్‌లో దిగేది 12న. గది 12వ తేదీ పొద్దున 6.30 నుంచి ఉండాలి. టికెట్ మీదున్న తేదీ చూసి 11కి బుక్ చేస్తే గదీ పోతుంది, డబ్బూ పోతుంది. జ్యువెల్‌లో కూడా గంటల లెక్కన గదులిచ్చే యోటెల్‌ఎయిర్ ఉంది. కానీ నిద్రలో ఉన్న ఇద్దరితో ఇమిగ్రేషన్ దాటి అక్కడిదాకా పోవాలి. మీ పరిస్థితికి లోపలిదే మేలు.

నేనైతే రోజుని ఇలా వేస్తాను. 6.30 నుంచి 10.30 దాకా గదిలో నిద్ర, కర్టెన్లు మూసి. లేచాక స్నానం, టిఫిన్. 11.30కి ఇమిగ్రేషన్. 12 నుంచి రెండున్నర దాకా జ్యువెల్. మూడింటికి తిరిగి లోపలికి. మూడున్నర అంటే మన టైముకి మధ్యాహ్నం ఒంటిగంట, బాబు మామూలుగా కునుకు తీసే వేళ. స్ట్రోలర్‌లో పడుకోబెట్టి, తల దగ్గర పల్చటి చున్నీ ఒక పక్కకే కట్టండి. మొత్తం కప్పేస్తే లోపల వేడెక్కి గాలాడదు. ఎంత హాయిగా నిద్రపోతున్నా ఐదింటికి లేపేయండి. జాలిపడి ఆరున్నర దాకా వదిలేస్తే రాత్రి 8కి ఎక్కే ఫ్లైట్‌లో కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంటాడు. సాయంత్రం ఆరింటికి అన్నం, పళ్లు తోమి రాత్రి బట్టలు వేసేయండి. మెల్‌బోర్న్ సింగపూర్ కన్నా రెండు గంటలు ముందు (అక్టోబర్ నుంచి ఏప్రిల్ మొదటి ఆదివారం దాకా మూడు గంటలు), కాబట్టి విమానం లేచే సమయం అక్కడ పది దాటిన రాత్రి. ఏడున్నర గంటలు నిద్రకి సరిపోతాయి.

గోంగూర3000:

ఊళ్లోకి వెళ్లే సంగతి: కాగితం మీద కుదురుతుంది. ఒక్క పెద్దమనిషి, ఒక్క ఎనిమిదేళ్ల పిల్ల అయితే వెళ్లండనే చెప్తాను. మీ నలుగురికీ వద్దు.

ఎందుకంటే, మెట్రోలో వెళ్తే తానా మేరాలో రైలు మారాలి, మోకాళ్ల నొప్పులున్నవారికి అది చిన్న నడక కాదు. కారులో వెళ్దామంటే ఇంకో చిక్కు. సింగపూర్ చట్టం ప్రకారం 1.35 మీటర్ల కన్నా తక్కువ ఎత్తున్న పిల్లలకి కారులో చైల్డ్ సీటు ఉండాలి. మామూలు ట్యాక్సీలకి మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేట్ కార్లకి లేదు. తెలియక యాప్‌లో బుక్ చేస్తే డ్రైవర్ పిల్లల్ని చూసి ఎక్కించుకోనంటాడు, అతని తప్పు కాదు. వెళ్లాలనే ఉంటే టెర్మినల్ బయట ట్యాక్సీ క్యూలో నిలబడండి. లిటిల్ ఇండియాలో ఇడ్లీ తిందామన్న సరదా ఉంటే మాత్రం ఆపుకోండి. మెల్‌బోర్న్‌లో ఇడ్లీకి కరువు లేదు.

ఎయిర్‌పోర్ట్ వాళ్లు నడిపే ఉచిత సింగపూర్ టూర్ కూడా ఉంది, ఐదున్నర గంటల పైన, 24 గంటల లోపు ఆగేవాళ్లకి. రెండున్నర గంటలు గుంపుతో కదలాలి. 14 నెలల పిల్లాడు గుంపు టైముకి కదలడు.

జ్యువెల్ మాత్రం వదలకండి. టెర్మినల్ 1కి ఆనుకునే ఉంటుంది, 2, 3 టెర్మినళ్ల నుంచి వంతెన దారులున్నాయి, నడిచే బెల్టులతో. లోపల 40 మీటర్ల జలపాతం, దాని చుట్టూ అంతస్తులుగా చెట్లు. 2019లో తెరిచారు. చూడటానికి టికెట్ లేదు. అత్తయ్యగారిని జలపాతం కనిపించే బెంచీ మీద కూర్చోబెట్టి మీరు పాపని తిప్పవచ్చు. పైన ఐదో అంతస్తులో కానొపీ పార్క్ ఉంది, దానికి టికెట్. జారుడుబండలు, పొగమంచు గుంటలు అక్కడే. కొన్ని ఆటలకి ఎత్తు నిబంధన ఉంటుంది, పాప ఎత్తు కొలిచి చూశాకే టికెట్ కొనండి. పొగమంచులో బట్టలు తడుస్తాయి, తర్వాత ఏసీలోకి వస్తే వణుకు. ఒక జత పొడి బట్టలు స్ట్రోలర్ కింద పెట్టుకోండి. లైట్ షో చీకటి పడ్డాకే, మీకు దక్కదు.

లోపలికి తిరిగొచ్చాక టెర్మినల్ 3లో సీతాకోకచిలుకల తోట. ఎండ ఉన్నప్పుడే అవి చురుగ్గా ఎగురుతాయి, సాయంత్రం అయ్యాక వెళితే ఆకుల కింద వాలి ఉంటాయి. జ్యువెల్ నుంచి రాగానే, బాబు కునుక్కి ముందే చూపించేయండి. లోపల ఉక్కపోతగా ఉంటుంది, స్వెటర్లు విప్పేయండి. 1, 2, 3 టెర్మినళ్ల మధ్య స్కైట్రెయిన్ ఉచితం. పాపకి అదే ఒక ఆట, రెండుసార్లు అటూ ఇటూ తిప్పినా అరగంట గడిచిపోతుంది.

ఒక ముఖ్యమైన సంగతి. హ్యాండ్ లగేజీలో గసగసాలు ఉంటే తీసేయండి. గసగసాలు కలిపిన మసాలా పొడి కూడా. సింగపూర్‌లో అవి నిషిద్ధం, మత్తుపదార్థాల చట్టం కిందికి వస్తాయి. ట్రాన్సిట్ దాటి జ్యువెల్‌కి వెళ్తున్నారంటే మీ చేతి సంచి కస్టమ్స్ దాటుతుంది. చూయింగ్ గమ్ కూడా తీసుకెళ్లకూడదు.

పాలసీసా_పయనం:

అందరికీ చాలా థాంక్స్ అండి. గసగసాల సంగతి అస్సలు తెలియదు, కుర్మా పొడి డబ్బా హ్యాండ్ బ్యాగ్‌లోనే పెట్టాను! ఊళ్లోకి వెళ్లడం మానేశాం. పెరుగన్నం, పాలు, డైపర్ల లెక్క ఎవరైనా చెప్తారా? రాగిజావ పిండి తీసుకెళ్లి వేడినీళ్లు పోసి ఇద్దామనుకుంటున్నా.

ఉగ్గుగిన్నె:

పెరుగన్నం వద్దు. సాయంత్రం ఐదింటికి కలిపితే మీరు తినిపించేసరికి పన్నెండు గంటలు దాటుతుంది, అదీ సంచిలో బయటి వేడికి. వండిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా విడుదల చేసే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెద్దవాళ్లకి కడుపు తిప్పి ఊరుకుంటుంది, పసివాళ్లకి వాంతులు. చింతపండు పులుపు వల్ల పులిహోర కాస్త నిలుస్తుంది, అత్తయ్యగారికీ మీకూ పెట్టుకోండి. పిల్లలకి పెడితే పల్లీలు ఏరేసి పెట్టండి, ఆ వయసులో గొంతుకి అడ్డం పడేవాటిలో పల్లీ ముందుంటుంది.

రాగిపిండి వేడినీళ్లతో ఉడకదు. పచ్చిపిండే కడుపులోకి పోతుంది, ఉబ్బరం, ఏడుపు. దానికి బదులు అటుకులు. అవి తయారీలోనే ఉడికి ఉంటాయి. పల్చటి అటుకులు దోరగా వేయించి, చల్లారాక మెత్తగా పొడి చేసి జిప్ కవర్లలో పూటకి సరిపడా వేయండి. మూడు చెంచాల పొడికి దాదాపు 100 మిల్లీలీటర్ల వేడినీళ్లు, మూతపెట్టి ఐదు నిమిషాలు. నానేకొద్దీ గట్టిపడుతుంది, పల్చగానే మొదలుపెట్టండి. వేడినీళ్లు ఏ కాఫీ షాపులో అడిగినా ఇస్తారు, ఫ్లాస్క్ ఖాళీగా తీసుకెళ్లండి.

ఓఆర్ఎస్ పెట్టుకుంటే ప్యాకెట్ మీద చదవండి. లీటరు నీళ్లకి ఒకటి, 200 మిల్లీలీటర్లకి ఒకటి, రెండు రకాలూ దొరుకుతాయి. లీటరు ప్యాకెట్‌ని పాలసీసాలో కలిపేస్తే ఉప్పు ఎక్కువై ప్రమాదం.

డైపర్లు: ఇంట్లో బయల్దేరినప్పటి నుంచి మెల్‌బోర్న్ ఇల్లు చేరేదాకా మీకు దాదాపు 32 గంటలు. మూడు గంటలకొకటి చొప్పున 11, పైన మూడు. బాబుకి మూడు జతల బట్టలు, మీకూ ఒక టాప్. పాలు కక్కేది మీ మీదే కదా.

చెవుల గురించి ఎవరూ అనలేదు. విమానం లేచేటప్పటి కన్నా దిగేటప్పుడే చెవి నొప్పి ఎక్కువ. దిగడం మొదలవగానే, అంటే ల్యాండింగ్‌కి సుమారు అరగంట ముందు, బాబుకి పాలు పట్టండి, పాపకి స్ట్రాతో నీళ్లు ఇవ్వండి. మింగితేనే చెవిలో ఒత్తిడి సర్దుకుంటుంది. చక్రాలు నేల తాకే ముందు ఇద్దామని సీసా దాచుకుంటే అప్పటికే ఆలస్యం.

చాంగి_చుట్టం:

రెండు చిన్న చేర్పులు. చాంగిలో 1, 2, 3 టెర్మినళ్లలో సెక్యూరిటీ చెక్ మొదట్లో కాదు, గేటు దగ్గర ఉంటుంది. పూర్తిగా నింపిన నీళ్ల బాటిల్ అక్కడ పారబోయిస్తారు. బాబు పాలు, వాడి కోసం తెచ్చిన నీళ్లు చూపించి చెప్తే రానిస్తారు. గేటు లోపలికి పోయాక టాయిలెట్‌కని బయటికొస్తే మళ్లీ మొత్తం చెక్ చేస్తారు, కాబట్టి పాపని తీసుకెళ్లి, డైపర్ మార్చి, ఆ తర్వాతే లోపలికి పోండి. 8 ఫ్లైట్‌కి 7కల్లా అక్కడ ఉండండి.

రెండోది మెల్‌బోర్న్‌లో. విమానంలో ఇచ్చే కార్డులో తిండి ఉందా అన్న చోట "అవును" అనే టిక్ పెట్టండి, అటుకుల పొడి కవరు ఒక్కటే మిగిలినా సరే. చెప్పి చూపిస్తే ఉంచుకోనిస్తారు లేదా తీసి పారేస్తారు, అంతే. చెప్పకుండా పట్టుబడితే జరిమానా. పాప సగం కొరికి సీటు జేబులో పెట్టిన ఆపిల్ ముక్క కూడా లెక్కే, దిగేముందు ఆ జేబులన్నీ తడిమి చూసుకోండి.