అప్‌డేట్: ట్రాఫిక్‌లో ఆగితే వేడెక్కే పాత కారు, కారణం దొరికింది

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే మా 2009 నాటి పెట్రోల్ కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా వెళ్తోందని, మిర్యాలగూడ రోడ్డెక్కగానే మామూలుకు వస్తోందని ఇదివరకు అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. రేడియేటర్ ఫ్యాన్‌ను ముందుగా చూడమన్నవారి మాటే నిజమైంది. మెకానిక్ బ్యాటరీ నుంచి నేరుగా వైర్లు కలపగా ఫ్యాన్ మోటారు చక్కగా తిరిగింది, అంటే లోపం దానికి కరెంటు చేరే దారిలో ఉందన్నమాట. రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్) మార్చినా ఫలితం లేకపోవడంతో, ఇంజిన్ వేడెక్కగానే ఫ్యాన్‌ను ఆన్ చేసే థర్మో స్విచ్ కనెక్టర్ ఊడదీస్తే, పచ్చగా చిలుము పట్టిన పిన్ను ఒకటి వేలు తగలగానే విరిగిపోయింది. థర్మో స్విచ్, కనెక్టర్ రెండూ మార్చాక రెండు వారాలుగా ముల్లు సగం దాటలేదు. నేను తొందరపడి మార్పించిన థర్మోస్టాట్‌కు (ఇంజిన్‌ను చల్లబరిచే నీటి ప్రవాహాన్ని నియంత్రించే వాల్వ్) దీనితో సంబంధమే లేదు; హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోయిందన్న అనుమానమూ తప్పే. అయితే ఇన్నాళ్లూ మా బోరునీళ్లు పోసినందుకు రిజర్వ్ ట్యాంకులో తెల్లని పొర కట్టింది, దాన్ని కడిగించి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోయించాను.