నాన్నగారి బండి కింద ఆయిల్ మరక: రెండుసార్లు ప్యాకింగు మార్చినా ఆగలేదు

నాగావళి గట్టు:
నమస్కారం. మాది శ్రీకాకుళం. బడి శ్రీకూర్మం దగ్గర, రోజూ బండి మీదే వెళ్ళి వస్తాను. బండి నాన్నగారు 1998లో కొన్నది, 100 సీసీ ఫోర్ స్ట్రోక్. ఆయన పోయాక రెండేళ్ళు ఊళ్ళో పశువుల శాలలో ఒక మూల ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు దాన్ని అలా వదిలేయడానికి మనసు ఒప్పక తెచ్చుకున్నాను. కార్బ్యురేటర్ కడిగించి ఆయిల్, ప్లగ్గు, టైర్లు మార్పిస్తే నాలుగో కిక్కుకే పలికింది.

ఇప్పుడు బాధంతా ఆయిల్‌తోనే. తెల్లారేసరికి గచ్చు మీద ఇంజను ఎడమవైపు రూపాయి బిళ్ళంత మరక ఉంటోంది. ఇక్కడి మెకానిక్ ఒకరు మ్యాగ్నెట్ కవరు (ఇంజను ఎడమవైపు మూత) ప్యాకింగు, అంటే ఆ మూత అతుకులో పెట్టే పలచటి పొర, పోయిందని మార్చారు. వారం తిరగకుండానే మళ్ళీ మరక. రెండోసారి పేస్టు దట్టంగా పట్టించి బోల్టులు గట్టిగా బిగించారు. అయినా అంతే. ఇప్పుడు ఇంజను మొత్తం విప్పాలంటున్నారు. నేను చదువుకునే రోజుల్లో నాన్నగారు ఈ బండి మీదే ఆమదాలవలస స్టేషనుకు తెచ్చి దింపి, రైలు కదిలేదాకా నిలబడేవారు. ఈ ఇంజను ఊరికే విప్పించడం నాకు ఇష్టం లేదు. వేరే దారి ఉందా?

చీపురుపల్లి షెడ్డు:
మాస్టారూ, అప్పుడే విప్పనివ్వకండి. ముప్పై ఏళ్ళు ఈ పనిలో ఉన్నాను. తడి కనిపించే చోటు ఒకటి, ఆయిల్ పుట్టే చోటు మరొకటి. బండి నడిచేటప్పుడు గాలి ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది, ఆగాక అది కిందికి జారుతుంది. అందుకే తడిసిన భాగమంతటిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న చోటును పట్టుకోవాలి.

ఇంజను పూర్తిగా చల్లారాక పాత టూత్ బ్రష్షుతో, డీజిల్‌తో ఎడమవైపంతా కడగండి. ఇంజను దగ్గర చైను తిరిగే పళ్ళ చక్రం మీది మూత కూడా తీసి లోపలి మడ్డి గోకేయండి. గుడ్డతో తుడిచి బాగా ఆరనిచ్చి, మొహానికి రాసుకునే పౌడరు పలచగా చల్లండి. అయిదారు కిలోమీటర్లు తిరిగి వచ్చి చూడండి. ఆయిల్ బయలుదేరిన చోట తెల్లటి పౌడరు మీద నల్లటి గీత పడుతుంది.

ఇంకొక్క మాట. రాత్రి బండిని సైడు స్టాండు మీద ఉంచుతున్నారా, సెంటర్ స్టాండు మీదా? సైడు స్టాండు మీద బండి ఎడమకు ఒరుగుతుంది, లోపలి ఆయిల్ కూడా అటే చేరుతుంది. రెండు రాత్రులు రెండు రకాలుగా ఉంచి, కింద అట్టముక్క పరిచి చూడండి.

టెక్కలి మలుపు:
అది ఇంజను ఆయిలేనా అన్నది కూడా వేళ్ళతో నలిపి చూసుకోండి. చైనుకు వేసిన ఆయిల్ ఆ పళ్ళ చక్రం దగ్గర చిమ్మి కారితే నేను నెల రోజులు ఇంజను లీకనే భ్రమపడ్డాను. అది ఇసుకతో గరగరలాడుతూ జిగటగా ఉంటుంది. ఇంజను ఆయిల్ దానికన్నా పలచన. పెట్రోలు వాసన వస్తే మాత్రం బండి నడపకండి. కార్బ్యురేటర్ పొంగి పెట్రోలు లోపలికి దిగుతోందేమో చూపించుకోవాలి.

నాగావళి గట్టు:
ఆదివారమంతా దీని మీదే కూర్చున్నాను. పెట్రోలు వాసన లేదు. సెంటర్ స్టాండు మీద ఉంచిన రాత్రి అట్టముక్క పొడిగా ఉంది. సైడు స్టాండు మీద ఉంచిన రాత్రి మరక పడింది. అరసవల్లి దాకా వెళ్ళి వచ్చి చూస్తే కవరు అతుకు వెంట పౌడరు చెక్కుచెదరలేదు. గేరు రాడ్డు షాఫ్టు కవరులోంచి బయటికి వచ్చే చోటు నుంచి మాత్రం నల్లటి గీత దిగింది. అంటే రెండుసార్లు మార్చిన ప్యాకింగుకు ఏ దోషమూ లేదు. పట్టలేనంత సంతోషంగా ఉంది.

చీపురుపల్లి షెడ్డు:
అది గేరు షాఫ్టు ఆయిల్ సీలు, షాఫ్టు చుట్టూ ఆయిల్ కారకుండా పట్టి ఉంచే రబ్బరు రింగు. వేడికీ వయసుకూ రబ్బరు గట్టిపడి షాఫ్టును పట్టుకోవడం మానేస్తుంది. పైగా కవరు రెండుసార్లు ఊడదీసి ఎక్కించారు. షాఫ్టు కొసన ఉండే పళ్ళు సీలు అంచును కోసి ఉంటాయి.

గేరు రాడ్డు ఏ పన్ను మీద ఉందో గుర్తు పెట్టుకుని తీయండి. పాత సీలు మీద మూడు అంకెలు అచ్చయి ఉంటాయి: లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. అవే కొలతలు అడిగి తెచ్చుకోండి. పాతది లాగేటప్పుడు షాఫ్టు మీద గీత పడకూడదు. పడితే కొత్త సీలు కూడా కారుతుంది. కొత్తదాని అంచుకు గ్రీజు రాసి, షాఫ్టు పళ్ళకు పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి దాని మీదుగా జరపండి. సరిపడే గొట్టం ఆనించి చుట్టూ సమంగా తట్టండి.

సీలు వేసే ముందు బ్రీదర్ పైపు ఊది చూడండి. పిస్టన్ దిగిన ప్రతిసారీ ఇంజను అడుగున గాలి నొక్కుకుంటుంది, పిస్టన్ రింగుల పక్కనుంచి జారే పొగ కూడా దానికి తోడవుతుంది. అవి పోయే దారి ఆ పైపే. అది మూసుకుంటే బలహీనమైన సీలునే తోసుకుని బయటపడతాయి. రెండేళ్ళు శాలలో ఉందన్నారు కదా, అందుకే అడుగుతున్నాను.

నాగావళి గట్టు:
అన్నగారూ, మీరు చెప్పకపోతే ఆ పైపు జోలికి నేను వెళ్ళేవాడినే కాదు. నోటితో ఎంత ఊదినా గాలి పోలేదు. పీకి చూస్తే కింది కొసలో కందిరీగ కట్టిన మట్టిగూడు, రాయిలా గట్టిపడింది. సన్నటి తీగతో పొడిచి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి తగిలించాను. సీలు వేసి మూడు వారాలైంది. రోజూ బడికి వెళ్ళి వస్తున్నాను, సైడు స్టాండు మీదే ఉంచుతున్నాను. అట్టముక్క పొడిగానే ఉంది.

ఒక్కటే మిగిలింది. కవరు తీసినప్పుడు చూస్తే, బాగా బిగించిన బోల్టుల్లో ఒకటి పట్టు లేకుండా ఊరికే తిరుగుతోంది.

చీపురుపల్లి షెడ్డు:
కేసు అల్యూమినియం కదా, బలం పెడితే రంధ్రం లోపలి మరలు ఊడిపోతాయి. ఆ సన్నటి బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల బిగువు చాలు. పెద్ద స్పానర్ అసలు పెట్టకూడదు. లేతు పని చేసేవారి దగ్గర రంధ్రానికి లోపల తీగచుట్ట మర వేయిస్తే పాత బోల్టే మళ్ళీ పడుతుంది. రంధ్రం చేసేటప్పుడు రజను లోపలికి పోకుండా గుడ్డ కుక్కమనండి. అప్పటిదాకా పేస్టు పెట్టి మూయకండి.